కండక్టర్ గారి రెండో మాట

జూన్ 4

అక్కా,

చేరాను. గది సైకిల్ షాపు మీద. తెల్లారేసరికి కింద ట్యూబుల్లో గాలి కొట్టే చప్పుడు మొదలవుతుంది, దాంతో నాకు అలారం అక్కర్లేకుండా పోయింది. కొత్త ఆసుపత్రిలో ల్యాబ్ పెద్దదే గానీ కిటికీ లేదు. రోజంతా ఊరి జనం రక్తం చూస్తాను, మొహాలు మాత్రం చూడను.

ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాసుకుందామని నువ్వన్నది మంచి మాట. ఫోన్లో మనకి మూడో మాటకే పోట్లాట. కాగితం మీదైతే నువ్వు చెప్పేది చివరిదాకా వినక తప్పదు.

ఇక మా కండక్టర్ గారి సంగతి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళని చూసొచ్చే మా తోడు సంఘంలో ఆయన బాధ్యత రెండేళ్ళుగా నాదే. ఇప్పుడు నువ్వు ఒప్పుకున్నావు గనక సరిపోయింది, లేకపోతే ఈ బదిలీకి నేను ఒప్పుకునేదాన్నే కాదు. పక్షవాతంలో ఆయనకి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. మిగిలింది ఒకే ఒక్క మాట, “రైట్”. బస్సులో ముప్ఫై ఏళ్ళు అన్న మాట కదా, అదొక్కటీ వేళ్ళు దిగిపోయింది. ఆకలేస్తే రైట్, కోపమొస్తే రైట్, మనం వెళ్ళొస్తామంటే రైట్. విషయం అంతా రాగంలో ఉంటుంది, చెవి పెట్టాలి.

మంగళవారం, శుక్రవారం వెళ్ళు. కుర్చీ కిటికీ దగ్గర్నుంచి జరపొద్దు. ఆయన మాట కోసం తంటాలు పడుతుంటే నువ్వు అందించొద్దు, ఎంతసేపైనా ఆగు. బొమ్మల కార్డులు వెళ్ళినప్పుడల్లా వరసగా చూపించాలి. నువ్వు ఎక్కువ మాట్లాడకూడదు (ఇది అన్నిటికన్నా ముఖ్యం).

ఊరు మారుతున్నానని ఆయనకి చెప్పలేదు. చెప్పబోయాను, నోరు రాలేదు. “శుక్రవారం మా అక్క వస్తుంది” అని మాత్రం చెప్పి మెట్లు దిగిపోయాను. నాలుగు రోజులు పోతే ఆయనే సర్దుకుంటారులే.

నీ చెల్లి

జూన్ 19

చెల్లీ,

అది ఉత్తరమా, మందు సీసాతో ఇచ్చే చీటీయా? జరపొద్దు, అందించొద్దు, మాట్లాడొద్దు! మీ బావ చదివి “ఊపిరి పీల్చుకోవచ్చేమో కనుక్కో” అన్నారు. కళ్ళజోళ్ళ షాపులో బేరాల్లేనప్పుడు ఆయనకి నేనే బేరం.

మొదటి రోజు తలుపు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత నా వెనక్కి చూశారు. మళ్ళీ నన్ను చూశారు. “మా చెల్లి పంపిందండీ” అన్నాను. “రైట్” అన్నారు. ఆ రైట్‌లో నాకు “తప్పు” అనే వినిపించింది.

నీ కార్డులు తీశాను. గ్లాసు బొమ్మ, చెంచా బొమ్మ. ఆయన నా వంక జాలిగా చూశారు. నిజం చెప్తున్నా, నాకే సిగ్గేసింది. అంత పెద్దమనిషిని కూర్చోబెట్టి “ఇదేమిటి” అని అడగడానికి నేనెవర్ని? పక్కన పడేసి నా కుట్టుపని తీశాను. గుండీల డబ్బా బోర్లించి ఆయన ముందు పెట్టాను. ఎడం చేత్తో తెల్లవి ఒకవైపు, నల్లవి ఒకవైపు తోసి కూర్చున్నారు. నేను కుడుతూ వీధి కబుర్లన్నీ చెప్పాను. ఎదురింటావిడ జాకెట్ మూడోసారి వదులు చేసిన సంగతి చెబితే నవ్వారే! నోరు ఒకవైపే నవ్వినా, కళ్ళు రెండూ నవ్వాయి.

అన్నట్టు కుర్చీ జరిపాను. కిటికీ దగ్గర ఎండ మొహాన కొడుతోంది.

వేళకి తిను. నీ గదికి కిటికీ తెరలు కుట్టి పంపనా? కొలతలు రాయి.

అక్క

జూన్ 30

అక్కా,

తెరలు వద్దు.

ఆయన నవ్వారంటే సంతోషం. నా దగ్గరా నవ్వేవారు, నేను అదంతా రాసుకుని అందరికీ చెప్పలేదంతే. కుర్చీ కిటికీ దగ్గర ఎందుకు పెట్టానో అడిగి జరపాల్సింది. అక్కణ్ణుంచి బస్సులు కనిపిస్తాయి. ప్రతి బస్సుకీ ఆయన చెయ్యెత్తుతారు. రెండేళ్ళు కూర్చుని తెలుసుకున్న సంగతి అది, నువ్వు ఒక్క పూటలో ఎండ పేరు చెప్పి తీసేశావు.

కార్డులు ఆపొద్దు. మాటల డాక్టరుగారి దగ్గర నేను నేర్చుకుని వచ్చిన పద్ధతి అది. నీ కబుర్లు కాలక్షేపానికి బాగుంటాయి, వైద్యానికి కాదు.

ఇక్కడ క్యాంటీన్ టీ నీళ్ళలా ఉంది. ఇంకేం విశేషాల్లేవు.

చెల్లి

జూలై 14

చెల్లీ, బంగారూ,

కూర్చుని చదువు. కండక్టర్ గారు మాట్లాడారు!

మొన్న మంగళవారం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. ఆయన కర్ర పట్టుకుని లేచి వచ్చారు. పెదాలు కదిపారు, మెడ నరాలు తేలాయి. నువ్వు చెప్పినట్టే ఆగాను చూడు, అందించలేదు. చివరికి “ఏది?” అన్నారు. అద్దం మీద గీసినంత స్పష్టంగా! నా చేతిలో సంచి కిందపడి గుండీలు ఇల్లంతా దొర్లాయి.

“ఏది?” అంటే ఏం అడుగుతున్నారో అని కళ్ళజోడు తెచ్చిచ్చాను. కాదన్నారు. నీళ్ళు ఇచ్చాను. తువ్వాలు, రేడియో, పేపరు, ఆఖరికి చెప్పుల జత. అన్నీ తోసేసి మళ్ళీ “ఏది?”. ఏదైతేనేం, మాటంటూ వచ్చింది కదా!

మీ సంఘం పెద్ద నర్సమ్మ గారు పరుగెత్తుకొచ్చి చూశారు. ఉద్యోగం విరమించినా ఆవిడ పెత్తనం విరమించలేదని నువ్వనేదానివి, ఆ పెత్తనంతోనే ఆదివారం సంఘం వాళ్ళందర్నీ పోగేశారు. అందరి ముందూ నన్ను నిలబెట్టి “నెల తిరిగేసరికి మాట తెప్పించిన చెయ్యి ఇది” అని చప్పట్లు కొట్టించారు. చదువు లేనిదాన్ని, నాకెప్పుడు కొట్టారు చప్పట్లు? నీ సంగతి చెబుదామనుకున్నాను, ఆ గడబిడలో కుదరలేదు.

నువ్వుంటే ఎంత బాగుండేది!

మీ అక్క

జూలై 22

అక్కా,

అభినందనలు.

రెండేళ్ళు వారానికి రెండు పూటలు వర్షమొచ్చినా, నాకు జ్వరమొచ్చినా వెళ్ళాను. నోరు కట్టుకుని కూర్చున్నాను. నాకు ఒక్క మాట రాల్లేదు. నువ్వు వెళ్ళి ఎదురింటావిడ జాకెట్ కథ చెప్పావు, రాలింది. ఇందులో నాకు కొత్తేమీ లేదు. చిన్నప్పుడు నేను పాలు పోసి పెంచిన కుక్క నువ్వు బడి నుంచి రాగానే నీ కాళ్ళకి చుట్టుకునేది, గుర్తుందా? నాన్న పేపరు నేను తెచ్చిచ్చేదాన్ని, తలెత్తి “అక్క వచ్చిందా?” అనేవారు. నీ పొట్టి గౌన్లు నాకు, నీ అరిగిన పలకలు నాకు. ఈ ఒక్క మనిషి మాత్రం నీ వాడకం కాకుండా నేరుగా నాకు దొరికాడనుకున్నాను. ఆయన్నీ నేనే తీసుకెళ్ళి నీ చేతిలో పెట్టాను.

కోపం లేదు. ఉన్నమాట చెప్తున్నాను.

చెల్లి

ఆగస్టు 8

చెల్లీ,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని ఇన్నాళ్ళు ఆగాను. ఆవేశంలో రాస్తే నీలాగే ఉంటుందని.

కుక్క సంగతి నాకు గుర్తే లేదు. నాకు గుర్తున్నది వేరు. నాన్న నన్ను తొమ్మిదో తరగతితో ఆపించి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు, నిన్ను ల్యాబు చదువుకి పంపారు. నీకు నీ జీతం, నీ గది, నీ తాళంచెవి. నాకు ఇంట్లో అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి, ఒక్కటీ నాది కాదు. నేనెప్పుడైనా ఉత్తరం రాశానా దాని గురించి? ఇన్నేళ్ళకి నాకు చప్పట్లు పడితే అది నీకు కంట్లో నలుసయ్యింది.

కండక్టర్ గారు బాగున్నారు. ఇప్పుడు రోజూ గేటుదాకా నడిచి నిలబడుతున్నారట. కార్డులు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, వెతుకుతాను.

అక్క

ఆగస్టు 16

అక్కా,

పని ఎక్కువగా ఉంది, వివరంగా తర్వాత రాస్తాను. వేరే పనిమీద నర్సమ్మ గారికి ఫోన్ చేశాను, అందరూ కులాసా అన్నారు.

చెల్లి

సెప్టెంబరు 6

చెల్లీ,

ఎలా రాయాలో తెలియట్లేదు. నన్ను కండక్టర్ గారి ఇంటికి వెళ్ళొద్దన్నారు.

నర్సమ్మ గారు ఇంటికే వచ్చి చెప్పారు. నాకు తర్ఫీదు లేదనీ, డాక్టరుగారు చెప్పిన పద్ధతి మానేశాననీ, కార్డులు పక్కన పడేశాననీ ఎవరో చెప్పారట. ఎవరని అడిగితే “చెప్పినవాళ్ళు మంచికే చెప్పారమ్మా” అన్నారు. తర్ఫీదు తరగతులు మళ్ళీ వచ్చే నెలలోనట, అప్పటిదాకా వేరొకర్ని పంపుతామన్నారు. ఎవరూ దొరకలేదు. క్యారేజీ ఇచ్చే ఆవిడ గుమ్మంలో పెట్టి పోయేది, అంతే.

ఇంతలో ఆయన గేటు దగ్గర పడిపోయారు. చూసినవాళ్ళు లేరు. క్యారేజీ ఆవిడ వచ్చేదాకా అలాగే ఉన్నారట నేలమీద. ఎడం మణికట్టు విరిగింది. ఆ మనిషికి పనిచేసే చెయ్యి అదొక్కటేనే! ఇప్పుడు కట్టు కట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. చూపించడానికి వేలు లేదు, తినడానికి చెయ్యి లేదు.

నా మీద ఆ చాడీ చెప్పినవాళ్ళ నోట్లో మన్ను పడ. వాళ్ళకి నేనేం ద్రోహం చేశాను? నువ్వైనా నర్సమ్మ గారికి చెప్పు, నేను ఆయన్ని బాగానే చూసుకున్నానని. నీ మాటంటే ఆవిడకి గురి.

అక్క

సెప్టెంబరు 10

అక్కా,

ఆ మన్ను నా నోట్లోనే పడాలి.

చెప్పింది నేనే. కార్డులు ఎక్కడ పెట్టావో గుర్తులేదన్న నీ ఉత్తరం చదివిన రోజే ఫోన్ చేశాను. వేరే పనిమీద కాదు. నేను చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన మేలు కోసమే అని నర్సమ్మ గారితో అన్నాను, అంటున్నప్పుడు నేనే నమ్మాను. ఫోన్ పెట్టేశాక ఆకలేసింది. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. అప్పుడు తెలిసింది అది ఎవరి మేలు కోసమో.

నీ బదులు ఇంకొకరు వెళ్తారనుకున్నాను. ఎవరో ఒకరు, నువ్వు కాకుండా. ఎవరూ వెళ్ళకపోవచ్చని నాకు తట్టనే లేదు.

నర్సమ్మ గారికి ఇవాళే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. సెలవు అడిగాను, నెలాఖరుకి ఇస్తామన్నారు. అప్పటిదాకా ఆసుపత్రికి నువ్వే వెళ్ళు. నువ్వు నాకు రాయకపోయినా ఫరవాలేదు, ఆయనకి అన్నం మాత్రం తినిపించు.

చెల్లి

సెప్టెంబరు 18

చెల్లీ,

మూడు రోజులు నీకు రాయకూడదనే అనుకున్నాను. మీ బావ “ఏమైంది, మిషను అంత కోపంగా తొక్కుతున్నావు” అన్నారు. ఆయనకి చెప్పలేదు. చెప్తే నిన్ను తిడతారు, నిన్ను నేను తప్ప ఎవరూ తిట్టకూడదు.

తిట్టడానికే కూర్చున్నాను. రెండు కాగితాలు నింపాను, చించేశాను. ఎందుకంటే నా చేతులూ శుభ్రంగా లేవు.

“ఏది?” అని ఆయన అడిగింది వస్తువుని కాదు. నిన్ను.

మొదటి రోజు నాకు నిజంగా తెలియదు. కానీ ఆ వారమే శుక్రవారం నా చెయ్యి పట్టుకుని తలుపు వెనక్కి లాక్కెళ్ళారు. అక్కడ మేకుకి నీ నీలం గొడుగు ఉంది. దాన్ని తట్టి నా మొహంలోకి చూసి “ఏది?” అన్నారు. ఇంకెలా చెప్తాడు ఒక మనిషి? మా చెల్లి బదిలీ అయి వెళ్ళిందండీ, మళ్ళీ వస్తుందండీ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అప్పటికే నర్సమ్మ గారు ఆదివారం నాకు చప్పట్లు కొట్టించాలని అనుకున్నారు. నేను వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాను. తెలిసే తెచ్చిచ్చాను.

అప్పణ్ణుంచీ వెళ్ళినప్పుడల్లా అడిగేవారు, వెళ్ళినప్పుడల్లా నీళ్ళిచ్చాను. నేను కబుర్లు చెప్పాను, నవ్వించాను, గోళ్ళు తీశాను. ఒక్కనాడూ నన్ను వెతకలేదు ఆ మనిషి. నేను ఎదురుగా ఉండగా నిన్నే వెతికారు. నీకు కుక్క సంగతి ఎలా మండిందో నాకు ఇది అలా మండింది.

గేటు దగ్గర ఎందుకు నిలబడేవారో ఇప్పుడు అర్థమైందా? పడిపోయింది నీ ఫోను వల్లో, నా నీళ్ళ గ్లాసు వల్లో నాకు తెలియదు. నువ్వు రా.

అక్క

అక్టోబరు 3

అక్కా,

మన ఊరి నుంచి తిరిగొచ్చి, రైలు దిగి నేరుగా ల్యాబుకి వచ్చాను, ఉత్తరం రాయడానికి ఇప్పటికి తీరింది.

వార్డులోకి నాతో రమ్మంటే నువ్వు కారిడార్‌లోనే కూర్చున్నావు. అందుకని లోపల జరిగింది రాస్తున్నాను.

నన్ను చూశారు. గుర్తుపట్టారు. గోడవైపు తిరిగిపోయారు. నేను మంచం పక్కన నిలబడి, చెప్పకుండా వెళ్ళిపోయానండీ, తప్పయిపోయింది అన్నాను. తిరగలేదు. మా అక్క మీకు చెప్పకపోవడం కూడా నా వల్లే అన్నాను (అది అబద్ధం, నీ వాటా నీదే). తిరగలేదు. ఎంతసేపైనా ఆగమని నీకు రూలు రాసిచ్చింది నేనే కదా, ఆగాను. రెండేళ్ళలో ఎప్పుడూ అంత కష్టంగా ఆగలేదు.

చివరికి తిరిగి తిట్టారు. ఉన్నవి రెండే మాటలు. వాటితోనే, పైకీ కిందకీ, గట్టిగా, మెల్లగా, ఎంత తిట్టారనుకున్నావు! పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. కట్టు కట్టిన చెయ్యి ఎత్తబోయి నొప్పికి ఆగిపోయారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నేను తుడవబోతే తల పక్కకి తిప్పేశారు. తర్వాత తుడవనిచ్చారు.

రేపు మళ్ళీ వెళ్తున్నానని చెప్పాను. ఈసారి ముందే, మొహంలోకి చూస్తూ. మార్చి దాకా రానని కూడా చెప్పాను. తర్వాత నువ్వు తెచ్చిన క్యారేజీ నేను తెరిస్తే నోరు తెరవలేదు, తలుపు వైపు చూశారు. నిన్ను పిలవడానికి నేనే లేచి రావాల్సొచ్చింది. ఆ నాలుగు అడుగులూ ఎలా వేశానో నాకే తెలియాలి. నువ్వు తినిపిస్తుంటే బుద్ధిగా తిన్నారు.

నువ్వు నా వంక చూడకుండా నవ్వుకున్నావు. చూశానులే.

చెల్లి

అక్టోబరు 25

చెల్లీ,

నవ్వానే. ఒప్పుకుంటున్నాను. మూడు నెలల నుంచి నాకు దొరికిన ఒకే ఒక్క గెలుపు అది, దాన్నీ లాక్కోకు.

కట్టు ఇంకా తీయలేదు. తీశాక కూడా ఆ చెయ్యి మునుపటంత పట్టు ఇవ్వదని డాక్టరు అన్నారు. ఇది నీకు చెప్పకుండా దాచుదామనుకున్నాను, దాచడాలు ఇక చాలు. ఆయన మేనల్లుడు వచ్చి తీసుకెళ్ళిపోతానన్నాడు, ఈయన ససేమిరా అని మంచం కోడు పట్టుకున్నంత పని చేశారు. ఇంటికే చేర్చాం. కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గర పెట్టాను, ఎండకి నీకు కుడదామనుకున్న తెర అక్కడ కట్టాను.

నేను తర్ఫీదు తరగతులకి వెళ్తున్నాను. అందరికన్నా పెద్దదాన్ని, అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు నావే. సంఘం మీటింగులో లేచి నిలబడి, ఆ చప్పట్లు మా చెల్లివని చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, టీ వచ్చింది, అందరూ లేచారు. అంత గుండె దిటవు చేసుకుని చెబితే!

నువ్వక్కడ సాయంత్రాలు ఒక్కదానివే గదిలో ఏం చేస్తున్నావు? ఆ ఊళ్ళోనూ ఇలాంటి సంఘం ఉండకపోదు.

అక్క

నవంబరు 20

అక్కా,

ఉంది. చేరాను.

నాకు అప్పగించింది ఒక పెద్దావిడని. ఒకప్పుడు పూల దుకాణం నడిపిందట, ఇప్పుడు చూపు ఆనదు. నడిచేది లేదు. నోరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మొదటి రోజు నా అడుగుల చప్పుడు వినగానే “నువ్వు ఆ పిల్లవి కాదే, ఆ పిల్లేదీ?” అంది. నాకు ముందు వచ్చే అమ్మాయి పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళింది. ఆ అమ్మాయి చదివితే పేపరు కథలా ఉండేదట, నేను చదివితే మున్సిపాలిటీ నోటీసులా ఉందట. ఆ అమ్మాయి చేతులు మెత్తనట. నా చేతులకి మందుల వాసనట. రెండు వారాలు విన్నాను. ఎముకలదాకా కాలింది. మాట మార్చడానికి ఎన్ని దారులున్నాయో నాకు తెలుసు, నీళ్ళ కుండ కూడా పక్కనే ఉంది.

నిన్న చెప్పాను. “ఆ అమ్మాయికి పెళ్ళయిందమ్మా, ఊరు వెళ్ళిపోయింది. మీకు చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాలేదేమో, మిమ్మల్ని మర్చిపోయి మాత్రం కాదు.” పెద్దావిడ “మరి నాకెవరూ చెప్పలేదేం?” అంది, చిన్నపిల్లలాగా.

ఇవాళ సంఘం ఆఫీసులో ఆ అమ్మాయి నంబరు అడిగి తీసుకున్నాను. నా ఫోన్లోనే కలిపి పెద్దావిడ చెవి దగ్గర పెట్టాను. అవతలి గొంతు వినగానే ఆ ముడతల మొహం ఎలా విప్పారిందో చెప్పలేను. నావైపు ఒక్కసారీ అలా వెలగలేదు ఆ మొహం. ఫోను ఆవిడ చేతికిచ్చి, మాట్లాడుకోనీ అని వసారాలోకి వచ్చి కూర్చున్నాను.

తలుపు మాత్రం పూర్తిగా వేయలేదు అక్కా. నా గురించి ఏమంటుందో వినాలని.

నీ చెల్లి